వినేటోళ్లు ఉంటేనే కిక్రి పలుకుతది

పోస్టు కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి. వీలైతే ఇంట్లో పెద్దోళ్లకు కూడా చదివి వినిపించండి.

2024లో నాలుగు నెలల తేడాతో ఇద్దరు పెద్దలు మనల్ని విడిచి వెళ్లారు. జూన్‌లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు, అక్టోబర్‌లో మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారు. ఇద్దరూ పద్మశ్రీలే. కనకరాజు గారికి 2021లో, రామచంద్రయ్య గారికి 2022లో ఆ గౌరవం దక్కింది. ఇద్దరు పోయినప్పుడూ మన ఫోన్ల నిండా ఫొటోలు, దండలు, జోహార్లు. ఇద్దరు పోయినప్పుడూ ఒకటే మాట వినిపించింది: కళాకారులు అంతరించిపోతున్నారు, కళను కాపాడుకోవాలి.

ఆ మాటలో నిజం ఉంది. కానీ ఒక సంగతి అందులో లేదు. పాడేటోళ్లు తగ్గకముందే వినేటోళ్లు తగ్గారు. కిక్రి పట్టుకున్న తాత ఇప్పటికీ కొన్ని గూడేల్లో ఉన్నాడు. ఆయన ముందు చాప పరుచుకుని రాత్రంతా కూర్చునే జనమే లేరు. అందుకే ఈ పోస్టులో పాడినోళ్ల చరిత్రతో పాటు విన్నోళ్ల చరిత్ర కూడా చెప్పుకుందాం. మాకు దగ్గరగా తెలిసింది ఉమ్మడి ఆదిలాబాద్ కాబట్టి ఎక్కువ అక్కడి కిక్రి గురించే ఉంటుంది. మధ్యలో గోదావరి కింది కోయ అన్నల డోలి గురించి కూడా వస్తుంది.

ఎవరు ఎవరికి పాడేవాళ్లు?

గోండుల్లో నాలుగు సగలున్నాయని మన ఇండ్లల్లో చిన్న పిల్లోడు కూడా చెప్తాడు. నాలుగు దేవతలోళ్లు, ఐదు దేవతలోళ్లు, ఆరు, ఏడు. ఒక్కో సగలో ఎన్నో ఇంటిపేర్లు. ఒక్కో వంశానికి ఒక పెర్సాపేన్, ఆ పేన్‌కు ఒక కథ. ఆ కథ చెప్పే హక్కు ఎవరికి పడితే వాళ్లకు లేదు. ఆ వంశానికి తరతరాలుగా కట్టుబడి ఉన్న పర్ధాన్ కుటుంబానిది ఆ హక్కు. కాగితాల మీద ప్రధాన్ అని రాస్తారు. కొన్ని చోట్ల ఇదే పని తోటీలు చేస్తారు. వంశం ఇంటిపేరే పర్ధాన్ ఇంటిపేరు కూడా అవుతుంది. అంటే పాడేటాయన బయటోడు కాదు, ఆ కథలో వాటా ఉన్నోడు.

కిక్రి చూడ్డానికి చిన్న వాయిద్యం. చెక్క డొల్లకు తోలు కప్పి, మూడు తీగలు కట్టి, విల్లుతో వాయిస్తారు. పక్కన ఒకరు డక్కి కొడతారు. ఇంకొకరు పెప్రె ఊదుతారు, అది సన్నాయి జాతిది. అవసరాన్ని బట్టి కాలికోం కూడా వస్తుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు, నాలుగు వాయిద్యాలు. మైకు లేదు, స్టేజీ లేదు. పెద్దాయన ఒక మాట పాడితే పక్కాయన అందుకుంటాడు. మధ్యలో పాట ఆపి మాటల్లో చెప్తారు, మళ్లీ పాటలోకి వెళ్తారు. ఒక కథ ఒక్క రాత్రిలో అయిపోకపోవచ్చు.

ఇది ఎప్పుడు జరుగుతుంది? పెర్సాపేన్ పూజకు జరుగుతుంది. పెండ్లికి జరుగుతుంది. మనిషి పోయిన తర్వాత చేసే కర్మలకు జరుగుతుంది. పుష్య మాసంలో కెస్లాపూర్ నాగోబా దగ్గర, కెరమెరి గుట్టల్లో జంగుబాయి దగ్గర జరుగుతుంది. టికెట్ కొనుక్కుని వచ్చే ప్రేక్షకుడు అనేటోడు ఇందులో ఎక్కడా లేడు. అక్కడ కూర్చున్న ప్రతి మనిషి ఆ పూజకు గానీ, ఆ పెండ్లికి గానీ, ఆ చావుకు గానీ చుట్టమే. పాటకు బదులు ధాన్యం, బట్టలు, స్తోమత ఉన్న ఇంట్లో పశువు. చనిపోయిన వాళ్ల పేరు మీద పర్ధాన్‌కు ఇవ్వాల్సినవి వేరేగా ఉంటాయి. అది దానం అని పిలిచినా నిజానికి బాకీ. వంశం పర్ధాన్‌కు బాకీ, పర్ధాన్ వంశానికి కథ బాకీ.

వినడం కూడా ఒక పనే

ఈ కథల్లో ఏముంటుంది? గుహలో చిక్కుపడ్డ మన ఆదిపురుషులను పహండి కుపార్ లింగో, జంగుబాయి ఎట్లా బయటికి తెచ్చారో ఉంటుంది. సగలు ఎట్లా విడిపోయాయో ఉంటుంది. ఏ వంశం ఏ వంశానికి అన్నదమ్ములు, ఏ వంశానికి సోయరికం అన్నది ఉంటుంది. ఒకే సగలో పెండ్లి చేసుకోకూడదన్న నియమం మనకు ఎక్కడ రాసి ఉంది? ఏ పుస్తకంలోనూ కాదు, కిక్రి కథలో ఉంది. అంటే మన దగ్గర పాట అంటే చట్టం కూడా, రికార్డు కూడా.

అందుకే వినేటోడికి పని ఉండేది. పాడేటాయన ఒక పేరు మింగేస్తే, ఒక ఊరు మర్చిపోతే, ముందు వరుసలో కూర్చున్న పటేల్‌కు, కటోడాకు, ముసలోళ్లకు తెలిసిపోతుంది. వాళ్లు అదే కథ అంతకుముందు ఇరవై సార్లు విన్నవాళ్లు. పిల్లలు అక్కడే నిద్రపోయేవాళ్లు, మధ్యలో లేచి కొంత వినేవాళ్లు, మళ్లీ పడుకునేవాళ్లు. అట్లా పదేండ్లు వింటే కథ ఒంట్లోకి దిగేది. వాళ్లు పెద్దయ్యి ముందు వరుసకు వచ్చేవాళ్లు.

దీన్ని ఇప్పటి భాషలో చెప్పాలంటే కథకు రెండు కాపీలు ఉండేవి. ఒకటి పర్ధాన్ దగ్గర, రెండోది ఊరి దగ్గర. ఒక కాపీలో తప్పు పడితే రెండో కాపీతో సరిచూసుకునేవాళ్లు. రాత లేకుండా ఇన్ని తరాలు ఆ కథలు నిలబడ్డది ఈ లెక్కతోనే. ఇప్పుడు మనం పోగొట్టుకుంటున్నది ముందుగా ఆ రెండో కాపీని. రేపు ఎవరైనా కథ తప్పు చెప్పినా, కుదించి చెప్పినా, ఎవరో మెచ్చుకుంటారని మార్చి చెప్పినా, 'అట్ల కాదు తాతా' అనేటోళ్లు ఉండరు.

మార్లవాయిలో కూర్చున్న వినేటోడు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. అడవికి గీతలు గీసి, సాగు భూముల్లోంచి మనోళ్లను వెళ్లగొట్టి, పశువులకు పన్ను వేసిన కాలం అది. పోరాటం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని నిజాం సర్కార్ ఒక మానవ శాస్త్రవేత్తకు పని అప్పజెప్పింది. ఆయనే హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టినాయన. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ వాళ్లు శత్రుదేశపు మనిషి కింద లెక్కగట్టి హైదరాబాద్ రాజ్యం దాటకూడదన్నారు. ఆ కట్టడి మనకు కలిసొచ్చింది. ముందు చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర ఉండి, ఆపైన మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి కాపురం పెట్టాడు.

ఆయన చేసిన పనుల్లో బడి, భూమి పట్టాలు, నాగోబా దర్బార్ గురించి అందరూ మాట్లాడతారు. 1943లో గోండు పిల్లల చదువు కోసం మార్లవాయిలో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ గురించి కూడా చాలామంది రాశారు. కానీ మా దృష్టిలో ఆయన అన్నిటికంటే ముందు ఒక వినేటోడు. గోండీ నేర్చుకున్నాడు, పర్ధాన్ల ముందు కూర్చున్నాడు, పూజలకు వెళ్లాడు, విన్నది రాసుకున్నాడు. 1948లో వచ్చిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకంలో సగల కథలు, పేన్‌ల కథలు అంత వివరంగా ఉండడానికి కారణం అదే. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. ప్రతి ఏటా జనవరి 11న మార్లవాయిలో ఆ దంపతుల వర్ధంతి చేసుకుంటున్నాం. ఆదివాసీ ఊళ్లో ఒక విదేశీ జంటకు సమాధి కట్టి పూజించడం దేనికి గుర్తు? మా మాట విన్నారు అన్నదానికి.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఆయన రాయగలిగింది అప్పుడు ఆ రాత్రులు నడుస్తున్నాయి కాబట్టి. ఆయన ఒక్కడి కోసం ఏ పర్ధాన్ కిక్రి తీయలేదు. ఊరు కూర్చుంది, ఊరితో పాటు ఆయనా కూర్చున్నాడు. ఇవాళ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకుడు రికార్డర్ పట్టుకుని వస్తే తాత ఒక్కడే గదిలో కూర్చుని ఆయనకు పాడాల్సి వస్తుంది. అందుకోవడానికి పక్కన మనిషి ఉండడు, 'ఊఁ' కొట్టడానికి ముందు ఎవరూ ఉండరు. అట్లా పాడిన పాట రికార్డులో దొరుకుతుంది గానీ, సగం పొట్టిగా ఉంటుంది.

జనం ఎట్లా పల్చబడ్డారు?

దీనికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. 'ఈ కాలం పోరగాళ్లకు ఫోన్ పిచ్చి' అని పెద్దోళ్లు అంటారు. అది అన్నిటికంటే ఆఖరున వచ్చిన కారణం.

మొదటిది భూమి. పర్ధాన్‌కు ఇచ్చే ధాన్యం చేను నుంచి వచ్చేది. భూములు చేతులు మారాక, అప్పులు పెరిగాక, పత్తి వచ్చి జొన్నను పక్కకు నెట్టాక ఇంట్లో గాదె నిండడం తగ్గింది. ఇచ్చేటోడి దగ్గరే లేకపోతే బాకీ ఎట్లా తీరుతుంది? పర్ధాన్ కుటుంబాలు కూలికి, వ్యవసాయానికి, చదువుకు, ఉద్యోగాలకు మళ్లాయి. మళ్లడం న్యాయమే.

రెండోది భాష. ఆదిలాబాద్ పర్ధాన్లలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, కథ మాత్రం గోండీలో పాడతారు. అది కూడా పాత గోండీ. మన పిల్లలకు బళ్లో తెలుగు వచ్చింది, తర్వాత ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంట్లో మాట్లాడే గోండీలో కూర, నీళ్లు, బస్సు, పైసలు ఉంటాయి. కథలో ఉండే మాటలు అందులో ఉండవు. అర్థం కాని చోట మనిషి పది నిమిషాలు కూర్చుంటాడు, పదకొండో నిమిషం లేచిపోతాడు.

మూడోది హాస్టల్. ఆశ్రమ పాఠశాలలు రాకపోతే మనం ఈ పోస్టు రాసేవాళ్లమూ కాదు, మీరు చదివేవాళ్లూ కాదు. ఆ మేలు మర్చిపోకూడదు. కానీ ఆరేడేండ్ల పిల్లోడు హాస్టల్‌కు వెళ్తే పుష్య మాసం రాత్రులు వాడికి దక్కవు. పుష్యం జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. అది ప్రీ ఫైనల్స్, ప్రాక్టికల్స్ కాలం. అక్కడే చాప మీద నిద్రపోతూ వినే వయసు మొత్తం డార్మిటరీలో గడిచిపోతుంది. ముందు వరుసకు మనిషి తయారయ్యే దారి అక్కడే తెగింది.

నాలుగోది చప్పుడు. పెండ్లిలో డీజే బాక్సులు వచ్చాక పెప్రె వినపడదు, కిక్రి అసలే వినపడదు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000లోనే దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. డీజే ఆగిపోయిన తర్వాత మిగిలే ఆ చీకటి సమయం నిజానికి కిక్రిదే. కానీ అప్పటికి జనం అలసిపోయి పడుకుంటున్నారు.

ఐదోది స్టేజీ. ఇది కొంచెం చేదుగా ఉన్నా చెప్పుకోవాలి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం, జెండా పండుగలు, మంత్రుల పర్యటనలు, వీటన్నిటిలో మన కళకు చోటు దొరికింది, సంతోషమే. కానీ దొరికిన చోటు పది నిమిషాలు. రాత్రంతా సాగే కథను పది నిమిషాలకు కోస్తే మిగిలేది వేషం, తలపాగా, ఒక ఫొటో. అట్లా చూసి చూసి మన పిల్లలకు కూడా కిక్రి అంటే పది నిమిషాల వస్తువు అయిపోయింది. వినేటోడు చూసేటోడయ్యాడు.

అన్నిటి తర్వాత ఫోన్. అదొచ్చి ఆ పది నిమిషాలను ముప్పై సెకన్లు చేసింది.

దండారీకి జనం ఎందుకు తగ్గలేదు?

'పోరగాళ్లకు మన సంగీతం ఇష్టం లేదు' అనే మాట ఎంత తప్పో తెలియాలంటే దీపావళికి ముందు ఏ గూడేనికైనా వెళ్లి చూడండి. దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి దగ్గర జనం నిండిపోతారు. గుమేల, పర్ర, వెట్టె, తుడుం, పెప్రె, కాలికోం అన్నీ బయటికొస్తాయి. ఏత్మాసూర్ పూజ చేసి, గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు ఎత్తుకుని, ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి అతిథులుగా వెళ్తుంది. డిగ్రీ చదివే పోరడు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసే పోరడు కూడా సెలవు పెట్టుకుని వస్తాడు. దీక్షలో ఉన్న గుస్సాడీ కొలబోడి వరకు స్నానం చేయడు. అంత కష్టమైన నియమానికి కూడా ఏటా కొత్త కుర్రాళ్లు ముందుకొస్తున్నారు.

అదే సమాజం, అదే వయసు పిల్లలు, అదే ఫోన్. మరి దండారీకి వస్తున్న జనం కిక్రికి ఎందుకు రావడం లేదు?

మేము చాలా రోజులు ఆలోచించిన ప్రశ్న ఇది. మాకు తోచిన జవాబు ఒకటే. దండారీలో వచ్చిన ప్రతి మనిషికి పని ఉంది. ఒకడు గుమేల కొడతాడు, ఒకడు గుస్సాడీ, ఒకడు పోరిక వేషం, ఆడపిల్లలు దెంసా ఆడతారు, ఇంటోళ్లు అతిథులకు వండి పెడతారు. ఊరు ఊరికి బాకీ, పోయిన ఏడు మీరొచ్చారు, ఈ ఏడు మేం వస్తాం. సోయరికాలు కూడా అక్కడే కుదురుతాయి. పాత పద్ధతిలో కిక్రి రాత్రిలో కూడా వినేటోడికి పని ఉండేది. ఆ పని పోయింది కాబట్టి మనిషి పోయాడు. పని లేని చోట ఏ పోరడైనా ఎందుకు కూర్చుంటాడు?

కనకరాజు గారు గుస్సాడీని నిలబెట్టిన తీరు కూడా ఇదే చెప్తుంది. ఆయన తాను ఆడి ఊరుకోలేదు, పిల్లలకు నేర్పాడు. నేర్చుకున్న పిల్లోడు రేపు ఇంకొకరి ఆట చూసినప్పుడు అడుగు తప్పితే పట్టుకోగలడు. ఆట నేర్పిన ప్రతిసారీ ఆయన ఒక చూసేటోణ్ని కూడా తయారు చేశాడు.

మేడారంలో జనం, డోలి దగ్గర జనం

కోయ అన్నల వైపు చూస్తే ఇదే సంగతి ఇంకో రూపంలో కనబడుతుంది. కోయల్లో గట్లున్నాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, అట్లా. ఒక్కో గట్టుకు వేల్పులు, ఆ వేల్పుల కథ బొమ్మలుగా ఉన్న పడిగెలు. పడిగె విప్పినప్పుడు ఆ బొమ్మల కథను డోలీలు పాడతారు. బొమ్మ ఒకరి దగ్గర, పాట ఒకరి దగ్గర. పాట లేకపోతే పడిగె గుడ్డ ముక్క, పడిగె లేకపోతే పాటకు దారి దొరకదు.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్లకు ఒకసారి. 1996లో రాష్ట్ర పండుగ అయింది. లక్షల మంది వస్తారు, బెల్లం ఎత్తుకుంటారు, జంపన్న వాగులో మునుగుతారు. అంత జనంలో సమ్మక్క కథను కోయ డోలి నోట మొదటి నుంచి చివరి వరకు విన్నవాళ్లు ఎందరు? సకిని రామచంద్రయ్య గారు మణుగూరు వైపు కూనవరం మనిషి. ఆ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగినాయన. ఆయన చివరి రోజుల్లో పత్రికలు ఆయన గురించి రాశాయి, చదివినవాళ్లు చాలామంది. పక్కన కూర్చుని పాటను అందుకునేవాళ్లే తక్కువ. జనం ఎక్కువ ఉన్నంత మాత్రాన వినేటోళ్లు ఉన్నట్టు కాదని మేడారం మనకు చెప్తోంది.

గోదావరి కింద ఇంకో బాధ ఉంది. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు గూడేలు ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు వెళ్లాయి, వెళ్తున్నాయి. ఇల్లుకు ఇల్లు ఇస్తారు, భూమికి లెక్క కడతారు. ఒక గట్టు మనుషులు నాలుగు కాలనీల్లో పడితే వేల్పు కొలుపుకు ఎవరు కూర్చుంటారన్నది ఏ ప్యాకేజీలోనూ లేదు.

మన పక్కింటి సంగతి కూడా ఒకటి చెప్పుకోవచ్చు. నాగర్‌కర్నూల్ వైపు దక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. ఆయన ఆదివాసీ కాదు, కానీ ఆయన పరిస్థితి మన పర్ధాన్ల పరిస్థితికి దగ్గర. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది, రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దగ్గర పండుగ సాయన్న కథ మొత్తం ఉంది. సినిమా పాట విన్నవాళ్లలో ఆ కథ మొత్తం కూర్చుని విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే లెక్క వేసుకోండి. అవార్డు కళాకారుడికి గౌరవం తెస్తుంది. వినేటోణ్ని తేవడం అవార్డు చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

పర్ధాన్ అన్నల మాట

ఈ చర్చ ఎప్పుడు వచ్చినా పర్ధాన్, తోటి కుటుంబాల్లో చదువుకున్న అన్నలు ఒక ప్రశ్న వేస్తారు. దాన్ని దాటేసి ముందుకు పోకూడదు. మీ గుమ్మం ముందు మా తాతలు చేయి చాచారు, మేమూ చాచాలా? మా తాత పాడితే కళ్లు మూసుకుని విన్నారు, కానీ మా ఇంట్లో నీళ్లు తాగలేదు. ఆ సంబంధమే మళ్లీ కావాలా మీకు?

ఈ ప్రశ్న న్యాయమైంది. పాత కట్టుబాటులో ప్రేమ ఉంది, ఎచ్చుతగ్గులూ ఉన్నాయి. కథ పెద్దది, కథ చెప్పే మనిషి చిన్నోడు అన్న లెక్క నడిచింది. పర్ధాన్ పిల్లోడు టీచర్ అవుతానంటే, ఇంజనీర్ అవుతానంటే 'మరి కిక్రి ఎవరు వాయిస్తరు' అని అడిగే హక్కు ఎవరికీ లేదు. ముందు మన వంతు ఏమిటన్నదే అడగాలి. పక్కన కూర్చోబెట్టుకున్నామా? కలిసి తిన్నామా? ఇచ్చింది భిక్షలాగా ఇచ్చామా, ఫీజులాగా ఇచ్చామా? వినేటోడు మర్యాదగా ఉంటే పాడేటోడు మిగులుతాడు. చరిత్రలో ఉన్న బాకీని కొత్త పద్ధతిలో, సమానంగా తీర్చుకోవడమే ఇప్పుడు మిగిలిన దారి.

మరి ఏం చేద్దాం?

సర్కారు అకాడమీ పెట్టాలి, పెన్షన్ ఇవ్వాలి, అవి అడుగుతూనే ఉందాం. దానికోసం ఆగకుండా మన గూడెంలో, మన సంఘంలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, మీ ఇంటిపేరుకు కట్టుబడ్డ పర్ధాన్ లేదా తోటి కుటుంబం ఎవరో, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో ఇంట్లో అడిగి తెలుసుకోండి. కోయ అన్నలైతే మీ గట్టు పడిగె ఎవరి దగ్గర ఉంది, దాన్ని పాడే డోలి ఎవరు అన్నది. చాలామంది ఇండ్లల్లో ఈ జవాబు ఒక్క అవ్వకో తాతకో మాత్రమే తెలుసు.

రెండు, ఏడాదికి ఒక్క రాత్రి. మైకు లేకుండా, స్టేజీ లేకుండా, టైం పెట్టకుండా ఒక్క కథ మొదటి నుంచి చివరి వరకు. యాభై మంది రానక్కర్లేదు. పది మంది కదలకుండా కూర్చుంటే చాలు. డబ్బులు ముందే మాట్లాడుకుని ముందే ఇవ్వాలి. కూలి రోజు పోగొట్టుకుని వస్తారు, ఆయనతో పాటు వచ్చే ఇద్దరికి కూడా లెక్క వేయాలి.

మూడు, వినేటోళ్లకు పని పంచండి. ఒకరు అర్థం కాని మాటలు రాసుకోవాలి. ఒకరు ఊర్ల పేర్లు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు రాసుకోవాలి. ఒకరు ముసలోళ్ల పక్కన కూర్చుని వాళ్లు ఎక్కడ తల ఊపారో, ఎక్కడ ముఖం చిట్లించారో చూడాలి. పొద్దున చాయ్ తాగుతూ ఆ మాటలన్నీ తాతను అడగాలి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఇప్పుడు ఫోన్‌కు, కంప్యూటర్‌కు మన లిపి తెలుసు. నేర్చుకున్నవాళ్లు ఆ మాటలను మన లిపిలోనే రాయండి, మిగతావాళ్లు తెలుగులో రాయండి.

నాలుగు, రికార్డు చేస్తే పూర్తిగా చేయండి, అడిగి చేయండి. బయట పెట్టకూడని పేన్ కథలు కొన్ని ఉంటాయి. ఏది పెట్టవచ్చో ఏది పెట్టకూడదో చెప్పాల్సింది పాడిన కుటుంబం, ఆ వంశం పెద్దలు. రికార్డింగ్ కాపీ ముందు వాళ్లకు ఇవ్వాలి.

ఐదు, విద్యార్థి సంఘాలు ఐటీడీఏకు ఇచ్చే వినతిపత్రాల్లో మెస్ చార్జీలతో పాటు ఇంకో లైన్ రాయాలి. పుష్య మాసంలో వంశం పూజ ఉన్న పిల్లలకు రెండు రోజులు సెలవు ఇవ్వాలని, పరీక్ష పడితే మళ్లీ పెట్టాలని. ఇది గొంతెమ్మ కోరికేం కాదు.

ఆరు, ఆగస్టు 9 కమిటీల్లో ఉన్నవాళ్లు పది నిమిషాల పద్ధతి ఆపండి. పది జట్లను పిలిచి పది నిమిషాలు ఇచ్చే బదులు ఒక్క జట్టును పిలిచి, ఉపన్యాసాలు తగ్గించి, రాత్రంతా ఇవ్వండి. నాయకులు మధ్యలో లేచిపోతారు. పోనీయండి.

కాలం మారింది, పాత రాత్రులు ఉన్నవి ఉన్నట్టు తిరిగి రావు. పర్ధాన్ పిల్లలందరూ కిక్రి పట్టాలని గానీ, గోండు పిల్లలందరూ నెలంతా జాగారం చేయాలని గానీ మేము అనడం లేదు. ఒక్కో వంశంలో పది మందికి ఆ కథ తెలిసి ఉంటే రెండో కాపీ మిగులుతుంది. ఆ పది మందిలో ఒకడికి కిక్రి మీద మనసు పడితే మొదటి కాపీ కూడా మిగులుతుంది.

పుష్య అమావాస్యకు కెస్లాపూర్ వెళ్లేవాళ్లకు ఆఖరి మాట. మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం తెచ్చి మర్రి చెట్ల కింద దిగుతారు. ఆ గుడారాల వైపు నడవండి, కిక్రి ఎక్కడ మోగుతోందో వెతకండి. పోయేటప్పుడు ఒక చాప, ఒక దుప్పటి పట్టుకుపోండి, చలి బాగా ఉంటది. జెయింట్ వీల్ మరునాడు కూడా ఎక్కొచ్చు.

జై సేవా.